దోహా మీదికి వచ్చిన క్షిపణుల్ని ఆపింది ఎవరు? ఇన్ని దేశాలు కలిసి ఎలా ఆపుతాయి?

మీరు అడిగింది ఇది. 2025 జూన్ 23 రాత్రి, దోహాలో పనిచేస్తున్న మీ తమ్ముడు ఫోన్ చేసి ఆకాశంలో నిప్పు గీతలు చూశానని, గది కిటికీలు అదిరాయని చెప్పాడు. ఇరాన్ వేసిన ఆ క్షిపణుల్ని ఆపింది ఖతార్ సైన్యమా, అమెరికా సైన్యమా? ఇద్దరూ అయితే, ఇద్దరూ ఒకే దాని మీద కాల్చి రెండోదాన్ని వదిలేయకుండా ఎలా చూసుకుంటారు? మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఈ రక్షణను నమ్ముకుని తమ్ముణ్ని అక్కడ ఉంచవచ్చా?

నేను మన వాయుసేనలో గగనతల రక్షణ పనిలో 22 ఏళ్లు ఉండి రిటైరయ్యాను. కొన్నేళ్లు పేచోరా క్షిపణుల దగ్గర, మిగతా కాలం రాడార్ తెరల ముందు. దోహాలో కాల్చిన అమెరికా తయారీ క్షిపణి రక్షణ వ్యవస్థ పేట్రియాట్ మీద నేను పనిచేయలేదు. కానీ తెర ముందు కూర్చున్నవాడి టెన్షన్ ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ఇద్దరూ ఆపారు. దాడి లక్ష్యం దోహా ఊరు కాదు, ఊరికి నైరుతిలో ఉన్న అల్ ఉదైద్ వైమానిక స్థావరం. అక్కడ అమెరికా పేట్రియాట్ దళాలతో పాటు ఖతార్ సొంత పేట్రియాట్ దళాలు కూడా కాల్చాయి. వచ్చిన క్షిపణులు 14 అని అమెరికా అధ్యక్షుడు చెప్పారు, 19 అని ఖతార్ చెప్పింది. ఒకటి మాత్రం స్థావరంలో పడింది. ఎవరూ చనిపోలేదు. ఆ రోజు ఉదయమే స్థావరంలో చాలామందిని ఖాళీ చేయించారు. దాన్ని కాపాడటానికి ఉండిపోయిన అమెరికన్ సైనికులు దాదాపు 44 మందే. వాళ్లలో అందరికంటే పెద్ద వయసున్న అధికారికి 28 ఏళ్లు, చిన్న సైనికుడికి 21. అమెరికా సైన్యాధికారి జనరల్ డాన్ కెయిన్ తర్వాత ఈ వివరాలు చెబుతూ, గెలవడానికైనా ఓడడానికైనా వాళ్ల చేతిలో ఉండేది సుమారు రెండు నిమిషాలేనని అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలాసేపు మరో ఆలోచన రాలేదు. మీ తమ్ముడి వయసు పిల్లలు వాళ్లు.

ఆ రెండు నిమిషాలు ఎందుకంత కీలకమో చూడండి. బాలిస్టిక్ క్షిపణి బలంగా పైకి విసిరిన రాయి లాంటిది. ఇంజిన్ మొదట్లో కాసేపు మాత్రమే మండుతుంది. ఆ తర్వాత క్షిపణి తన వేగంతోనే అంతరిక్షపు అంచుకు వెళ్లి, అక్కడి నుంచి కిందికి పడుతుంది. మంట ఉన్నంతసేపు భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అమెరికా ఉపగ్రహాలు ఆ వేడిని పసిగడతాయి. మంట ఆరాక ఉపగ్రహానికి అది కనబడటం కష్టం. ఇక రాడార్ వెతకాలి. అయితే రాడార్ తిన్నగా చూస్తుంది, భూమి వంగి ఉంటుంది. 1,000 కిలోమీటర్ల దూరంలో లేచిన క్షిపణి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేదాకా మీ ఊళ్లో పెట్టిన రాడార్‌కు ఎంత శక్తి ఉన్నా కనిపించదు. అదే రాడార్‌ను 300 కిలోమీటర్ల దూరంలో పెడితే క్షిపణి 5, 6 కిలోమీటర్లు లేవగానే దొరుకుతుంది.

దేశాలు చేతులు కలపడానికి అసలు కారణం ఇదే. ముందుగా చూడాలంటే రాడార్ శత్రువుకు దగ్గరగా ఉండాలి. ఆ దగ్గర చోటు చాలాసార్లు మన దేశంలో ఉండదు, పక్క దేశంలో ఉంటుంది. ఇరాన్ వైపు చూడటానికి అమెరికా తన పెద్ద ముందుచూపు రాడార్లను తూర్పు తుర్కియేలోని క్యూరెజిక్‌లోనూ, ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలోనూ పెట్టింది. ఉత్తర కొరియా కోసం జపాన్‌లో షరికి, క్యోగమిసకి అనే రెండు చోట్ల పెట్టింది. వార్తల్లో మనకు కనిపించేది ఆకాశంలో పేలే ఇంటర్‌సెప్టర్, అంటే వచ్చే క్షిపణిని గాల్లోనే కొట్టే మన క్షిపణి. నా దృష్టిలో దానికంటే విలువైనది, ఆ పేలుడుకు నాలుగైదు నిమిషాల ముందు ఒక దేశం తెర మీద పడిన చుక్క రెండో దేశం తెర మీద కూడా సరిగ్గా అదే చోట పడటం.

'సరిగ్గా అదే చోట' అన్నది ఊరికే అనలేదు. నా సర్వీసులో ఒక విన్యాసం జరిగింది. ఒకే విమానాన్ని మా రాడారూ, పక్క స్టేషన్ రాడారూ చూస్తున్నాయి. ఒక రాడార్ ఉత్తర దిక్కు సరిచేయడంలో ఒక డిగ్రీ తేడా ఉండిపోయింది. 200 కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే మూడున్నర కిలోమీటర్లు. మా బోర్డు మీద ఒక విమానం రెండు విమానాలైంది. లేని రెండో విమానం కోసం ఒక క్షిపణి దళాన్ని సిద్ధం చేశాం. అది విన్యాసం కాబట్టి తిట్లతో పోయింది. ఒకే సేన, ఒకే శిక్షణ, ఒకే భాష ఉన్నచోటే అలా జరిగింది. వేర్వేరు కంపెనీల రాడార్లు, వేర్వేరు భాషలు, వేర్వేరు అధికారులున్న రెండు దేశాల మధ్య అదే పని నిమిషాల్లో కుదరాలంటే వెనక ఏళ్ల తరబడి సాధన ఉండాలి. అమెరికా, ఇజ్రాయెల్ 2001 నుంచి జునిపర్ కోబ్రా పేరుతో విన్యాసాలు చేసుకుంటూ వచ్చింది అందుకే.

ఇక మీ రెండో ప్రశ్న. క్రికెట్‌లో గాల్లోకి లేచిన క్యాచ్‌ను గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు ఫీల్డర్లు పరుగెత్తుకొస్తారు. ఎవరో ఒకరు 'నాది' అని అరవకపోతే ఇద్దరూ ఢీకొంటారు, లేదా ఇద్దరూ ఆగిపోయి బంతి మధ్యలో పడుతుంది. క్షిపణి రక్షణలో ఆ అరుపు కంప్యూటర్ల ద్వారా జరుగుతుంది. క్షిపణి ఎక్కడ పడుతుందో ముందే లెక్క వస్తుంది. దాన్నిబట్టి ఏ బ్యాటరీ, అంటే ఏ క్షిపణి దళం, దగ్గర ఉంది, ఎవరి దగ్గర ఎన్ని ఇంటర్‌సెప్టర్లు మిగిలాయి అన్నది చూసి ఒక్కో లక్ష్యాన్ని ఒక్కొక్కరికి అప్పగిస్తారు. ఎవరూ లేని ఇసుకలో పడబోయేదాన్ని వదిలేస్తారు. ముఖ్యమైనదైతే ఒక్కదాని మీదికే రెండు వదులుతారు. మీ తమ్ముడు చూసిన జంట గీతలు బహుశా అవే.

అన్ని ఇంటర్‌సెప్టర్లూ ఒకే ఎత్తులో పనిచేయవు. పేట్రియాట్ చివరి అంచెది, 20, 30 కిలోమీటర్ల ఎత్తుకు లోపలే పని. థాడ్ అనే ఇంకో అమెరికా వ్యవస్థ దానికంటే పైన, వాతావరణం అంచుల్లో 150 కిలోమీటర్ల ఎత్తు దాకా కొడుతుంది. ఓడల మీది ఎస్‌ఎం-3, ఇజ్రాయెల్ వాళ్ల యారో-3 ఏకంగా వాతావరణం దాటి అంతరిక్షంలోనే ఢీకొంటాయి. పై అంచెలో తప్పిపోయినది కింద అంచెకు వస్తుంది. ఇజ్రాయెల్ రక్షణలో ప్రతిదాన్నీ చాలామంది ఐరన్ డోమ్ అనేస్తారు. అది పొట్టి దూరపు రాకెట్ల కోసం. ఇరాన్ నుంచి వచ్చే బాలిస్టిక్ క్షిపణుల బరువు మోసేది యారోనే, ఆ యారో కూడా అమెరికా డబ్బుతో, అక్కడి బోయింగ్ కంపెనీ భాగస్వామ్యంతో తయారైంది.

అన్ని అంచెలూ, చాలా దేశాలూ కలిసి పనిచేసిన రాత్రి 2024 ఏప్రిల్ 13. ఇరాన్ ఇజ్రాయెల్ మీదికి దాదాపు 170 డ్రోన్లు, విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరొచ్చే 30 క్రూయిజ్ క్షిపణులు, 120 బాలిస్టిక్ క్షిపణులు పంపింది. డ్రోన్లు రావడానికి గంటలు పడుతుంది, బాలిస్టిక్‌లకు పన్నెండు నిమిషాలు చాలు. మూడూ ఒకేసారి చేరి రక్షణను ముంచెత్తాలన్నది ఇరాన్ లెక్క. అమెరికా ఎఫ్-15, బ్రిటన్ టైఫూన్ యుద్ధవిమానాలు దారిలోనే డ్రోన్లను కూల్చాయి. ఫ్రాన్స్ సాయం చేసింది. మధ్యధరా సముద్రంలో ఉన్న ఆర్లీ బర్క్, కార్నీ అనే అమెరికన్ యుద్ధనౌకలు ఎస్‌ఎం-3లను వదిలాయి. ఆ ఆయుధాన్ని నిజమైన పోరులో వాడటం అదే మొదటిసారి. ఇరాక్‌లో ఎర్బిల్ దగ్గరున్న పేట్రియాట్ ఒకదాన్ని కూల్చింది. జోర్డాన్ కూడా తన గగనతలంలోకి వచ్చినవాటిని కూల్చింది, తన పౌరుల భద్రత కోసమే చేశానని చెప్పింది. ఆ ఒక్క వాక్యంలో చాలా ఉంది. ఇజ్రాయెల్ కోసం చేశాననే మాట జోర్డాన్ తన ప్రజల ముందు అనలేదు, పైనుంచి వెళ్లేదాన్ని వదిలేయనూ లేదు.

ఆ రాత్రి ఏర్పాటు ఒక్క రోజులో రాలేదు. అంతకు మూడేళ్ల ముందు, 2021లో, అమెరికా సైన్యం ఇజ్రాయెల్‌ను తన యూరప్ కమాండ్ నుంచి మధ్యప్రాచ్యం చూసే సెంట్రల్ కమాండ్ కిందికి మార్చింది. కాగితం మీద చిన్న మార్పు. కానీ దానితో అరబ్ దేశాలతో రోజూ మాట్లాడే అదే అధికారులు ఇజ్రాయెల్‌తో కూడా మాట్లాడటం మొదలైంది.

2024లోనే అక్టోబర్ 1న ఇరాన్ డ్రోన్లు మానేసి దాదాపు 180 బాలిస్టిక్ క్షిపణులే పంపింది. ఈసారి చాలా దూసుకొచ్చాయి. నెవాతిమ్ వైమానిక స్థావరంలోనే పదుల సంఖ్యలో పడ్డాయి. అమెరికా నౌకలు ఆ రాత్రీ కాల్చాయి, తర్వాత రెండు వారాల్లోనే ఒక థాడ్ బ్యాటరీని, దాదాపు 100 మంది సైనికుల్ని ఇజ్రాయెల్‌కు పంపారు. ఏప్రిల్ రాత్రిని చూసి '99 శాతం ఆపేస్తారు' అనుకున్నవాళ్లు అక్టోబర్ రాత్రిని కూడా చూడాలి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1991 గల్ఫ్ యుద్ధం. ఇరాక్ స్కడ్ క్షిపణులు సౌదీ మీదా, ఇజ్రాయెల్ మీదా పడుతున్నాయి. రెండు చోట్లా పేట్రియాట్లున్నాయి. వాటి కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు లెక్కన గుర్తుపెట్టుకునేది. ఆ సంఖ్యను నిల్వ చేయడంలో అతి చిన్న కోత పడేది. యంత్రం ఆన్‌లో ఉన్నకొద్దీ ఆ కోత పేరుకుపోతుంది. ఇజ్రాయెల్ వాళ్లు దీన్ని పసిగట్టారు. ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితేనే గురి పక్కకు జరుగుతోందని ఫిబ్రవరి 11న అమెరికాలోని పేట్రియాట్ కార్యాలయానికి లెక్కలు పంపారు. అక్కడ 16వ తేదీకల్లా సాఫ్ట్‌వేర్ సరిచేశారు. 21న 'చాలా ఎక్కువసేపు నడిపితే తేడా రావచ్చు' అని దళాలకు కబురు పెట్టారు. ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సౌదీలోని ధహ్రాన్‌లో ఒక బ్యాటరీ వంద గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. 25వ తేదీ రాత్రి స్కడ్ వచ్చింది. గడియారం తేడా అప్పటికి మూడో వంతు సెకను. ఆ వేగంలో అది అర కిలోమీటరుకు పైగా దూరం. రాడార్ తప్పు చోట వెతికింది, ఏమీ కనబడలేదు, ఏమీ కాల్చలేదు. స్కడ్ సైనికులు ఉంటున్న బ్యారక్ మీద పడింది. 28 మంది చనిపోయారు. వాళ్లలో 13 మంది పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒకే చిన్న దళం వాళ్లు. నీళ్లు శుద్ధి చేసే పని వాళ్లది. సౌదీలో దిగి ఆరు రోజులే అయింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు మర్నాడు, 26న చేరింది.

యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోయేది. ఆ విషయం మిత్రదేశానికి తెలుసు, చెప్పింది కూడా. 'ఎనిమిది గంటలు' అన్న రెండు మాటలు ఆ సైనికుడి చేతికి చేరలేదు. ఉమ్మడి రక్షణ గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది థాడ్ కాదు, ఈ ధహ్రాన్.

రెండో రకం ప్రమాదం మనవాళ్లనే కూల్చడం. 2003 మార్చి 23న కువైట్ సరిహద్దు దగ్గర అమెరికా పేట్రియాట్ ఒక బ్రిటిష్ టోర్నాడో విమానాన్ని శత్రువు క్షిపణి అనుకుని కూల్చింది. ఇద్దరు చనిపోయారు. మన విమానమని చెప్పాల్సిన పరికరం విమానంలో పనిచేయలేదు, నేల మీద ఆ బ్యాటరీకి పై నెట్‌వర్క్‌తో సరైన సంబంధం లేదు. పది రోజులకే అమెరికా నౌకాదళ విమానం ఒకటి అలాగే పోయింది, పైలట్ మరణించాడు. ఒంటరిగా నిలబడ్డ బ్యాటరీ భయపడుతుంది. భయపడ్డవాడు తొందరగా కాలుస్తాడు. ఆకాశంలో ఎవరెవరున్నారో అందరికీ ఒకే బొమ్మ కనిపించాలనడం అందుకే.

ఇంత అవసరమైతే దేశాలు ఎందుకు వెనకాడతాయని మీరు అడగవచ్చు. మన రాడార్ ఏం చూస్తోందో చెబితే, ఏం చూడలేకపోతోందో కూడా చెప్పినట్టే. ఆ గుట్టు బయటపెట్టడానికి ఏ సైన్యమూ ఇష్టపడదు. పాత గాయాలు కూడా అడ్డం వస్తాయి. దక్షిణ కొరియా, జపాన్ ఇద్దరికీ ఉత్తర కొరియా క్షిపణులే బెడద. అయినా సైనిక సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం 2016లో గానీ కుదరలేదు. 2019లో చరిత్ర, వ్యాపార తగాదాలతో కొరియా దాన్ని రద్దు చేస్తానంది, చివరి గంటల్లో ఆగింది. అమెరికాతో కలిసి మూడు దేశాల మధ్య క్షిపణి హెచ్చరికలు ఎప్పటికప్పుడు పంచుకోవడం 2023 డిసెంబర్‌లో మొదలైంది. గల్ఫ్‌లో చూడండి. 2017 నుంచి 2021 జనవరి దాకా సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ ఖతార్‌తో రాకపోకలే మూసేశాయి. ఒకరికొకరు విమానాల్ని రానివ్వని దేశాలు రాడార్ బొమ్మ ఏం పంచుకుంటాయి? ఆ మూడున్నరేళ్లు అల్ ఉదైద్‌లోని అమెరికా కేంద్రం ద్వారానే అందరూ కలిసి ఉన్నట్టు కనిపించారు.

అమెరికాను మధ్యలో పెట్టుకోవడంలో ఉన్న లోటు 2025 సెప్టెంబర్ 9న బయటపడింది. ఆ రోజు ఇజ్రాయెల్ దోహాలోనే హమాస్ నాయకుల మీద దాడి చేసింది. ఖతార్ భద్రతా సిబ్బందిలో ఒకరు కూడా చనిపోయారు. తమ రాడార్లకు ఆ ఆయుధాలు కనబడలేదని, అమెరికా కబురు దాడి మొదలైన పది నిమిషాలకు వచ్చిందని ఖతార్ ప్రధాని చెప్పారు. జూన్‌లో భుజం కలిపి కాల్చినవాళ్లు సెప్టెంబర్‌లో ముందే చెప్పలేకపోయారు. ఎవరి మీద అనుమానం ఉంటే అటే రాడార్లు చూస్తాయి. మిత్రుడి మిత్రుడు వేసే దెబ్బకు ఈ ఏర్పాటులో జవాబు లేదు.

ఇంకొక పరిమితి సరుకు. పేట్రియాట్ కొత్త రకం ఇంటర్‌సెప్టర్ ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు, మన లెక్కలో 34 కోట్ల రూపాయలు దాటుతుంది. థాడ్‌ది కోటి 20 లక్షల డాలర్లకు పైమాటే. 2024లో పేట్రియాట్ కొత్త రకం ఏడాది మొత్తానికి తయారైనవి 500. ఉక్రెయిన్‌కు అవే కావాలి, గల్ఫ్‌కు అవే కావాలి, జపాన్‌కు అవే కావాలి. జూన్ 23న అల్ ఉదైద్‌ను కాపాడిన అమెరికన్ సైనికుల్లో కొరియా, జపాన్‌ల నుంచి తెచ్చినవాళ్లు ఉన్నారు. అంటే ఆ రాత్రి దోహాకు నీడ పట్టిన గొడుగు ఇంకో చోటి నుంచి తీసుకొచ్చింది.

మన దేశం ఇలాంటి కూటమిలో లేదు. బాలిస్టిక్ క్షిపణుల్ని ఆపే ఇంటర్‌సెప్టర్లను హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాలలే ఎక్కువగా రూపొందించాయి. వాటికి లక్ష్యం చూపే మన స్వోర్డ్‌ఫిష్ రాడార్‌కు మూలం ఇజ్రాయెల్ రాడార్ గ్రీన్ పైన్. అంటే ఆయుధాల తయారీలో చేయి కలిపాం, కాపలాలో ఎవరితోనూ కలవలేదు. మన సరిహద్దుల పరిస్థితి చూస్తే అది సరైనదేనని నా అభిప్రాయం. కాకపోతే ముందుగా హెచ్చరించే ఉపగ్రహాలు మనకు సొంతంగా ఉండాలి.

చివరిగా మీ తమ్ముడి మాట. నమ్మవచ్చా అంటే, కొద్ది సంఖ్యలో వచ్చేవాటి విషయంలో, అదీ ఇరాన్ వైపు నుంచి అయితే, చాలావరకు నమ్మవచ్చు. జూన్ 23 దాడి గురించి ఇరాన్ ముందే సూచన ఇచ్చిందని మర్చిపోకండి. వందల్లో వస్తే కొన్ని దాటుతాయి, ఎవరు కాపలా ఉన్నా సరే. ఉద్యోగం వదిలి రమ్మని నేను చెప్పను. ఇంటి అప్పులు, పిల్లల ఫీజులు మీకే తెలుసు. కానీ ఈ పనులు మాత్రం చేయించండి.

ఫోన్‌కు ప్రభుత్వం పంపే హెచ్చరికలు ఆఫ్ చేసి ఉంటే ఆన్ చేయమనండి. దోహాలోని మన రాయబార కార్యాలయంలో పేరు, నంబరు నమోదు చేసుకోమనండి. మోత వినబడితే వీడియో కోసం మేడ మీదికి పోకూడదు. ఇంటర్‌సెప్టర్ గురి తప్పకపోయినా పైనుంచి ఇనుప ముక్కలు కిలోమీటర్ల దూరం చెదిరిపడతాయి, ఊళ్లలో వాటివల్ల కూడా దెబ్బలు తగులుతాయి. గాజు కిటికీకి దూరంగా, కింది అంతస్తులో, నాలుగు వైపులా గోడలున్న నడవాలోనో మెట్ల కిందో కనీసం పది నిమిషాలు కూర్చోవాలి. తెల్లారి రోడ్డు మీద ఏ ముక్క కనిపించినా ముట్టుకోకూడదు, పోలీసులకు చెప్పాలి. వాళ్ల క్యాంపులో అలాంటి నడవా ఎక్కడుందో, గదిలో ఉన్న మిగతా కుర్రాళ్లకు కూడా అది తెలుసో లేదో ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడే అడగండి.